ఆవర్ధనం, దృష్టి క్షేత్రం: మీ టెలిస్కోపు లెక్కలు మీరే వేసుకోవడం ఎలా

టెలిస్కోపు చేతికొచ్చిన తొలి రాత్రి చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. పెట్టెలో వచ్చిన రెండు ఐపీసులలో, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కటకాల గొట్టాలలో, ఎక్కువ పెద్దగా చూపించేదాన్ని ఏరి బిగిస్తారు, ధగధగా మెరుస్తున్న గురుగ్రహం వైపు గొట్టాన్ని తిప్పుతారు, అరగంట వెతికినా చీకటి తప్ప మరేమీ కనపడకపోయేసరికి పరికరంలోనే ఏదో లోపముందన్న నిర్ణయానికి వచ్చేస్తారు. నా తొలి రాత్రి కూడా ఇలాగే గడిచింది. లోపం పరికరంలో లేదని, ఆ ఐపీసులోంచి నాకు కనిపిస్తున్న ఆకాశపు ముక్క వెడల్పు ముప్పావు డిగ్రీ మాత్రమేనని, అంటే చాచిన చేతి చిటికెన వేలి వెడల్పు పాటి కూడా లేదని తెలియడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

వస్తువు ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో చెప్పేది ఆవర్ధనం. ఒకేసారి ఆకాశంలో ఎంత మేర కనిపిస్తుందో చెప్పేది దృష్టి క్షేత్రం. ఒకే ఐపీసుల జాతిలో మొదటిది పెరిగితే రెండోది అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కొత్తవారు ఎప్పుడూ మొదటిదాని గురించే అడుగుతారు, అమ్మేవారు కూడా దాని గురించే చెబుతారు. నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ముందు ఆకాశంలో ఎంత మేర చూడాలో నిర్ణయించుకోండి, దానికి తగిన ఆవర్ధనం దానంతటదే తేలుతుంది. కింది మెట్లను ఆ దృష్టితోనే అమర్చాను. లెక్కల కోసం 130 మి.మీ. దర్పణం, 650 మి.మీ. నాభ్యంతరం (కటకం లేదా దర్పణం నుంచి కాంతి ఒక బిందువులో కలిసే చోటికి ఉన్న దూరం) ఉన్న ఒక మామూలు పరావర్తన టెలిస్కోపును ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీ టెలిస్కోపు అంకెలు వేరైతే వాటిని ఆ స్థానంలో పెట్టుకోండి.

మొదటి మెట్టు: మూడు అంకెలను రాసిపెట్టుకోవడం

టెలిస్కోపు గొట్టం మీద, సాధారణంగా ఐపీసు బిగించే చోటికి దగ్గరగా, ఒక చిన్న పట్టీ ఉంటుంది. దాని మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి ముందున్న కటకం లేదా లోపలి దర్పణం వ్యాసం, దీన్నే అపెర్చర్ అంటారు. రెండోది ఆ కటకం లేదా దర్పణం నాభ్యంతరం. మన ఉదాహరణలో ఇవి 130, 650. నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఫోకల్ రేషియో. 650ని 130తో భాగిస్తే 5 వస్తుంది కనుక ఇది ఎఫ్/5 టెలిస్కోపు. కొన్ని పట్టీల మీద ఈ అంకె కూడా నేరుగా ఉంటుంది. మూడో అంకె ఐపీసు మీద ఉంటుంది, 25 మి.మీ. అనో 10 మి.మీ. అనో. అది ఆ ఐపీసు నాభ్యంతరం. చాలామంది దాన్ని అద్దం వ్యాసమనుకుంటారు, కాదు.

ఇవి కాక ఐపీసు మీద 52 డిగ్రీలు, 68 డిగ్రీలు అని మరో అంకె ఉండవచ్చు. అది మూడో మెట్టులో పనికొస్తుంది. లేకపోయినా కంగారు పడనక్కరలేదు, దాన్ని మీరే కొలుచుకునే మార్గం ఉంది.

రెండో మెట్టు: ఆవర్ధనం లెక్క

టెలిస్కోపు నాభ్యంతరాన్ని ఐపీసు నాభ్యంతరంతో భాగించండి. అంతే. 650ని 25తో భాగిస్తే 26 రెట్లు, 10తో భాగిస్తే 65 రెట్లు. ఐపీసు మీది అంకె చిన్నదైనకొద్దీ ఆవర్ధనం పెద్దదవుతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం. ఐపీసుకు ముందు 2 రెట్ల బార్లో లెన్స్ పెడితే ఆవర్ధనం రెట్టింపవుతుంది కనుక అవే రెండు ఐపీసులతో 52, 130 రెట్లు కూడా దొరుకుతాయి. అయితే బార్లో మీద రాసిన 2 రెట్లు అన్నది, ఐపీసు దానికి నిర్ణీత దూరంలో ఉన్నప్పుడు మాత్రమే నిజం. బార్లోకూ ఐపీసుకూ మధ్య డయాగొనల్ (కాంతిని పక్కకు మళ్ళించే చిన్న అద్దం) వచ్చి చేరితే ఆ దూరం పెరిగి, ఆవర్ధనం రెండు రెట్లను దాటుతుంది.

ఆవర్ధనమన్న మాటను కోణాల లెక్కలో అర్థం చేసుకోవాలి, లేకపోతే ఎప్పుడూ నిరాశే మిగులుతుంది. గురుగ్రహం భూమికి బాగా దగ్గరగా వచ్చిన కాలంలో దాని కోణీయ వ్యాసం సుమారు 45 ఆర్క్ సెకన్లు ఉంటుంది (డిగ్రీలో అరవయ్యో వంతు ఆర్క్ నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్ సెకను). 40 రెట్ల ఆవర్ధనంలో అది 1800 ఆర్క్ సెకన్లు, అంటే అర డిగ్రీ అవుతుంది. ఆకాశంలో మామూలు కంటికి కనిపించే చంద్రుడి వ్యాసం కూడా దాదాపు అంతే. అంటే 40 రెట్లలోనే గురుగ్రహం చంద్రుడంత కనిపిస్తోందన్నమాట. కానీ ఐపీసులో చూసిన ఏ కొత్తవారూ ఆ మాట ఒప్పుకోరు, బఠాణీ గింజంత ఉందంటారు. కారణం ఏమిటంటే, ఐపీసులో కనిపించే నల్లని వలయం 50 డిగ్రీల వెడల్పున్న పెద్ద కిటికీ, ఆ కిటికీ మధ్యలో అర డిగ్రీ బిళ్ళ దానిలో నూరో వంతు వెడల్పే ఆక్రమిస్తుంది. కంటికి కొలమానం ఆ వలయమే అవుతుంది తప్ప ఆకాశంలోని చంద్రుడు కాదు. చంద్రుడూ గురుడూ ఒకే వైపున్న రాత్రి ఒక కన్ను ఐపీసుకు ఆనించి, రెండో కంటిని తెరిచి చంద్రుడిని చూడండి, రెండు బిళ్ళలూ పక్కపక్కన తేలుతూ ఈ లెక్క నిజమని చూపిస్తాయి.

మూడో మెట్టు: దృష్టి క్షేత్రం లెక్క

ప్రతి ఐపీసుకూ ఒక దృశ్య క్షేత్రం ఉంటుంది. ఐపీసుకు కన్ను ఆనించినప్పుడు ఆ వెలుగు వలయం మీ కంటి ముందు ఎన్ని డిగ్రీల మేర పరుచుకున్నట్టు కనిపిస్తుందో అది దృశ్య క్షేత్రం. ఇది ఐపీసు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. వియన్నా నగరపు కటక నిర్మాత గియోర్గ్ సైమన్ ప్లోసెల్ 1860లో రూపొందించిన పద్ధతి ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది, ఆ ప్లోసెల్ ఐపీసులలో ఇది సుమారు 50 డిగ్రీలు. అంతకంటే సాదా కెల్నర్ ఐపీసులలో 40 నుంచి 45 డిగ్రీలు, వెడల్పాటి క్షేత్రమున్నవాటిలో 60 నుంచి 70 డిగ్రీలు, ఇంకా ఖరీదైన వాటిలో 82, 100 డిగ్రీలు కూడా ఉంటుంది.

దృశ్య క్షేత్రాన్ని ఆవర్ధనంతో భాగిస్తే నిజ క్షేత్రం వస్తుంది, అంటే ఆకాశంలో మీకు వాస్తవంగా కనిపిస్తున్న మేర. 50 డిగ్రీల 25 మి.మీ. ఐపీసుతో 50ని 26తో భాగిస్తే 1.9 డిగ్రీలు, పక్కపక్కన పేర్చితే దాదాపు నలుగురు చంద్రులు పట్టేంత వెడల్పు. అదే జాతి 10 మి.మీ. ఐపీసుతో 50ని 65తో భాగిస్తే 0.77 డిగ్రీ. చంద్రుడు నిండుగా పట్టి చుట్టూ కాస్త చీకటి మిగులుతుంది. బార్లో కూడా చేర్చి 130 రెట్లకు వెళితే 0.38 డిగ్రీ మాత్రమే, చంద్రుడు పూర్తిగా పట్టడు.

1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే చుక్కలను గుర్తించిన గెలీలియో టెలిస్కోపు ఆవర్ధనం సుమారు 20 రెట్లే. అయినా అందులో చంద్రుడు మొత్తం ఒకేసారి కనిపించేవాడు కాదు. కంటి వైపు పుటాకార కటకం పెట్టడం వల్ల ఆ పరికరం క్షేత్రం బాగా ఇరుకు. ఆ మరుసటి సంవత్సరమే కెప్లర్ కంటి వైపు కుంభాకార కటకం పెట్టే పద్ధతిని ప్రతిపాదించాడు. దానితో దృశ్యం తలకిందులైంది గానీ క్షేత్రం విశాలమైంది. మన టెలిస్కోపులలో ఈనాటికీ ఆకాశం తలకిందులుగా కనిపించడానికి మూలం అదే. ఒకే ఆవర్ధనంలో క్షేత్రం ఇరుకుగానూ ఉండవచ్చు, విశాలంగానూ ఉండవచ్చు అన్న సంగతి అంత పాతది.

ఇక్కడే మరో హద్దు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ఐపీసును గొట్టంలో దింపే వైపు నుంచి లోపలికి చూస్తే ఒక లోహపు వలయం కనిపిస్తుంది. దాని పేరు ఫీల్డ్ స్టాప్. ఐపీసులో మీరు చూసే వెలుగు వలయపు అంచు అదే. దాని వ్యాసాన్ని టెలిస్కోపు నాభ్యంతరంతో భాగించి 57.3తో హెచ్చిస్తే నిజ క్షేత్రం డిగ్రీలలో మరింత కచ్చితంగా వస్తుంది. మామూలుగా దొరికే ఐపీసుల గొట్టం వెడల్పు 31.7 మి.మీ. కనుక అందులో పట్టే ఫీల్డ్ స్టాప్ వ్యాసం సుమారు 27 మి.మీ. మించదు. కాబట్టి మన 650 మి.మీ. టెలిస్కోపులో ఈ కొలత ఐపీసు ఏది పెట్టినా క్షేత్రం 2.4 డిగ్రీలు దాటదు.

దీని ఫలితాన్ని కొంచెం నిదానంగా చూడండి. 32 మి.మీ. ప్లోసెల్ ఆ 27 మి.మీ.లను పూర్తిగా వాడుకుంటుంది, 20 రెట్లలో 2.4 డిగ్రీలు చూపిస్తుంది. ఇంకా విశాలంగా కనిపిస్తుందన్న ఆశతో 40 మి.మీ. ఐపీసు కొంటే ఆవర్ధనం 16 రెట్లకు పడిపోతుంది గానీ క్షేత్రం ఒక్క ఆర్క్ నిమిషం కూడా పెరగదు. వలయం మాత్రం ఇరుకై గొట్టంలోంచి చూస్తున్నట్టు అనిపిస్తుంది. దానికి బదులు 68 డిగ్రీల 24 మి.మీ. ఐపీసు అదే 2.4 డిగ్రీల ఆకాశాన్ని 27 రెట్లలో, ఇంకా నల్లని నేపథ్యం మీద చూపిస్తుంది. నన్నడిగితే ఈ మూడింటిలో చివరిదే మేలు. నాభ్యంతరం 2032 మి.మీ. ఉన్న పొడవాటి టెలిస్కోపుల వారికి ఈ హద్దు మరీ బిగుతు. చిన్న గొట్టపు ఐపీసులతో వారికి 0.76 డిగ్రీ దాటదు, 50.8 మి.మీ. పెద్ద గొట్టపు ఐపీసులతో కూడా 1.3 డిగ్రీలే. దాదాపు రెండు డిగ్రీల మేర పరుచుకున్న కృత్తికలు వారి టెలిస్కోపులో ఎన్నటికీ ఒక్కసారిగా కనిపించవు. ఇది పరికరంలో లోపం కాదు, దాని స్వభావం.

నాలుగో మెట్టు: నక్షత్రంతో కొలవడం

ఐపీసు మీది డిగ్రీల అంకె ఎప్పుడూ పూర్తిగా నమ్మదగినది కాదు. అంచుల దగ్గర కటకాలు దృశ్యాన్ని కొంత సాగదీయడం వల్ల, అంకె సరైనదైనా భాగహారం సరిగ్గా కుదరదు. ఆకాశమే మీకు సరైన కొలబద్ద. భూభ్రమణం వల్ల ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే రేఖ) దగ్గరి నక్షత్రం సెకనుకు 15.04 ఆర్క్ సెకన్ల చొప్పున, అంటే దాదాపు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతుంది. అది మీ ఐపీసును దాటడానికి పట్టే సమయమే మీ క్షేత్రం.

ఓరియన్ నడికట్టులో వరసగా ఉన్న మూడు నక్షత్రాలలో పశ్చిమపు కొసన ఉన్న మింటాకా ఇందుకు అన్నిటికంటే అనువైనది. అది ఖగోళ మధ్యరేఖకు మూడింట ఒక వంతు డిగ్రీ దూరంలోనే ఉంది. అది కనిపించని నెలలలో కుంభరాశిలోని ఆల్ఫా అక్వేరీ గానీ, కన్యారాశిలోని జీటా విర్జినిస్ గానీ పనికొస్తుంది. టెలిస్కోపుకు మోటారు ఉంటే ఆపివేయండి. నక్షత్రాన్ని ఐపీసు మధ్యకు తెచ్చి, అది ఏ వైపు జరుగుతోందో కాసేపు గమనించి, అది సరిగ్గా వలయపు మధ్యగా దాటేలా, నక్షత్రం తూర్పు అంచుకు కొద్దిగా బయట ఉండేటట్టు గొట్టాన్ని జరపండి. ఇక చేతులు తీసేసి కదలకుండా కూర్చోండి.

మొదట అంచు దగ్గర చీకటిలో చిన్న మసక మెరుపు కనిపిస్తుంది, మరుక్షణమే నక్షత్రం వలయం లోపలికి పుటుక్కున వచ్చి పడుతుంది. అప్పుడు స్టాప్‌వాచ్ నొక్కండి. అవతలి అంచును తాకి అది ఆరిపోయినట్టు మాయమైన క్షణాన మళ్ళీ నొక్కండి. నా 10 మి.మీ. ఐపీసుతో మూడుసార్లు కొలిస్తే సగటున 179 సెకన్లు వచ్చింది. 179ని 15.04తో హెచ్చిస్తే 2692 ఆర్క్ సెకన్లు, దాన్ని 3600తో భాగిస్తే 0.75 డిగ్రీ. ఐపీసు మీద 52 డిగ్రీలని రాసి ఉంది కనుక 0.8 డిగ్రీ రావలసింది, నిజానికి అది 49 డిగ్రీల ఐపీసుతో సమానమన్నమాట. తేడా చిన్నదే అయినా, నక్షత్ర పటం పట్టుకుని వెతికేటప్పుడు నాకు పనికొచ్చేది రాసిన అంకె కాదు, కొలిచిన అంకె.

ఎక్కువ సమయాలు వచ్చినప్పుడు నక్షత్రం వలయపు మధ్యగా దాటినట్టు, తక్కువ వచ్చినప్పుడు పక్కగా దాటినట్టు అనుకోవచ్చు. కాబట్టి మిగతా వాటికంటే బాగా తక్కువ వచ్చినదాన్ని వదిలేయండి. మధ్యరేఖకు దూరంగా ఉన్న నక్షత్రాన్ని వాడవలసి వస్తే దాని క్రాంతి కోణపు (మధ్యరేఖ నుంచి దాని కోణీయ దూరపు) కొసైన్‌తో కూడా హెచ్చించాలి. 60 డిగ్రీల క్రాంతి దగ్గర నక్షత్రం సగం వేగంతోనే జరుగుతుంది. ప్రతి ఐపీసుకూ, బార్లోతోనూ బార్లో లేకుండానూ ఒక్కోసారి ఈ కొలత తీసుకుంటే, బార్లో నిజంగా ఎన్ని రెట్లు పెంచుతోందో కూడా రెండు సమయాల నిష్పత్తిలో బయటపడుతుంది.

ఐదో మెట్టు: కంటిలోకి వచ్చే కాంతిపుంజం

ఆవర్ధనం, క్షేత్రం తేలాక కాంతి సంగతి చూడాలి. సూర్యుడు పూర్తిగా అస్తమించి ఆకాశంలో ఇంకా వెలుతురున్న వేళ టెలిస్కోపును ఆకాశం వైపు తిప్పి, ఐపీసు నుంచి ఒక జానెడు వెనక్కి జరిగి చూడండి. అద్దం మీద చిన్న గుండ్రని వెలుగు బిళ్ళ తేలుతూ కనిపిస్తుంది. దాని పేరు ఎగ్జిట్ ప్యూపిల్. టెలిస్కోపు పోగుచేసిన కాంతి అంతా ఆ బిళ్ళ గుండానే మీ కంటిపాపలోకి వస్తుంది. టెలిస్కోపు వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే దాని వెడల్పు వస్తుంది, ఐపీసు నాభ్యంతరాన్ని ఫోకల్ రేషియోతో భాగించినా అదే వస్తుంది. మన 25 మి.మీ. ఐపీసుతో 5 మి.మీ., 10 మి.మీ. ఐపీసుతో 2 మి.మీ.

చీకటికి అలవాటుపడిన కంటిపాప యువకులలో సుమారు 7 మి.మీ. వరకు విప్పారుతుంది, వయసు పెరిగేకొద్దీ 5 మి.మీ.కు, ఇంకా తక్కువకు తగ్గుతుంది. బిళ్ళ కంటిపాప కంటే వెడల్పైతే మిగిలిన కాంతి కనుపాప చుట్టూ పడి వృథా అవుతుంది. ఇందాకటి 40 మి.మీ. ఐపీసు బిళ్ళ 8 మి.మీ. ఉంటుంది. మీ కంటిపాప 6 మి.మీ. వరకే విప్పారితే మీ 130 మి.మీ. టెలిస్కోపు దాదాపు 98 మి.మీ. టెలిస్కోపులా పనిచేస్తుంది. ఆవర్ధనానికి కింది హద్దు ఇదే.

ఆవర్ధనం పెరిగేకొద్దీ నెబ్యులా, గెలాక్సీ వంటి పరుచుకున్న వస్తువుల వెలుగు పలుచబడుతుంది. 26 రెట్ల నుంచి 65కు వెళితే వాటి మీద ప్రతి చోటా వెలుగు సుమారు ఆరో వంతుకు తగ్గుతుంది. ఆకాశపు నేపథ్యం కూడా అంతే తగ్గుతుంది కనుక రెండింటి మధ్య తేడా చెడదు, పైగా మసక వస్తువు పెద్దదైతే కన్ను దాన్ని ఇంకా సులువుగా పట్టుకుంటుంది. అందుకే గెలాక్సీలకు అతి తక్కువ ఆవర్ధనమే మంచిదన్న మాటను నేను ఒప్పుకోను. చాలా గెలాక్సీలకూ, బంతిలా గుమిగూడిన నక్షత్రాల గోళాకార గుచ్ఛాలకూ 2 మి.మీ. దగ్గరి బిళ్ళ చక్కగా పనిచేస్తుంది. నక్షత్రాలు బిందువులు కనుక వాటి వెలుగు ఇలా పలుచబడదు.

ఆరో మెట్టు: పై హద్దు ఎక్కడ

కొన్ని పెట్టెల మీద 525 రెట్లని పెద్ద అక్షరాలతో రాస్తారు. లెక్క తప్పు కాదు. 700 మి.మీ. నాభ్యంతరాన్ని 4 మి.మీ. ఐపీసుతో భాగించి 3 రెట్ల బార్లోతో హెచ్చిస్తే సరిగ్గా 525 వస్తుంది. కానీ ఆ టెలిస్కోపు వ్యాసం 70 మి.మీ. మాత్రమే అయితే ఆ అంకె ఎందుకూ కొరగాదు. మిల్లీమీటర్లలో టెలిస్కోపు వ్యాసానికి రెట్టింపు అంకె ఎంతో అంతవరకే ఉపయోగకరమైన ఆవర్ధనం, ఇక్కడ 140 రెట్లు. అది దాటితే వివరం పెరగదు, మసక పెరుగుతుంది.

ఈ నియమం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని సరిగ్గా వాడుకోగలుగుతారు. టెలిస్కోపు విడదీసి చూపగల అతి చిన్న కోణం, 116ను దాని వ్యాసంతో భాగిస్తే వచ్చినన్ని ఆర్క్ సెకన్లు. 130 మి.మీ.కు సుమారు 0.9 ఆర్క్ సెకన్లు. మామూలు కన్ను సౌకర్యంగా విడదీయగలిగేది రెండు ఆర్క్ నిమిషాలు, అంటే 120 ఆర్క్ సెకన్లు. 0.9ని 120 దాకా పెంచడానికి 130 రెట్లు చాలు. అంటే వ్యాసంతో సమానమైన ఆవర్ధనం దగ్గరే టెలిస్కోపు తన దగ్గరున్న వివరమంతా దాదాపు ఇచ్చేసింది. అక్కడి నుంచి 260 వరకు ఉన్నది కంటికి కొంత సౌకర్యం మాత్రమే, జంట నక్షత్రాలకు అది పనికొస్తుంది గానీ గ్రహాలకు చాలా రాత్రులు పనికిరాదు.

పెద్ద టెలిస్కోపులకు అడ్డుపడేది కటకం కాదు, గాలి. 200 మి.మీ. పరికరానికి లెక్క ప్రకారం 400 రెట్లు వస్తాయి, కానీ వాతావరణం 200 దాటనిచ్చే రాత్రులు తక్కువ, 300 దాటనిచ్చేవి ఇంకా తక్కువ. నక్షత్రాలు ఎక్కువగా మిణుకుమంటున్న రాత్రి, గ్రహం దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు, పగటి ఎండకు కాగిన కప్పుల మీదుగా చూస్తున్నప్పుడు గ్రహపు అంచు నీటి అడుగున ఉన్న నాణెంలా కదులుతుంది. టెలిస్కోపును ఇంట్లోంచి బయటికి తెచ్చిన వెంటనే చూసినా ఇలాగే ఉంటుంది, గొట్టం లోపలి గాలి బయటి చల్లదనానికి రావడానికి కనీసం అరగంట ఇవ్వండి.

అందువల్ల ప్రతి రాత్రీ మెట్టు మెట్టుగా ఎక్కండి. ముందు అతి తక్కువ ఆవర్ధనంలో వస్తువును పట్టుకుని మధ్యకు తెచ్చి, ఫైండర్ (గొట్టం మీద గురి చూసుకోవడానికి ఉండే చిన్న పరికరం) కూడా అదే చోటు చూపిస్తోందో లేదో సరిచూసుకుని, అప్పుడు తరువాతి ఐపీసు పెట్టండి. ప్రతి మెట్టులోనూ కొత్త వివరం కనిపించిందా అని మిమ్మల్ని మీరే అడగండి. బిళ్ళ పెద్దదైనా గురుగ్రహపు పట్టీలు ఇందాకటికంటే స్పష్టం కాలేదంటే ఒక మెట్టు దిగండి. దిగేముందు మాత్రం రెండు మూడు నిమిషాలు కన్ను తీయకుండా వేచి ఉండండి, గాలి ఒక్క క్షణం నిలకడపడితే అంతవరకు లేని గీత ఒకటి మెరిసి మాయమవుతుంది.

ఏడో మెట్టు: వస్తువుకు తగిన క్షేత్రం

ఇక మొదట చెప్పిన మాటకు వద్దాం. చూడబోయే వస్తువు కోణీయ పరిమాణం తెలుసుకుని, దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల క్షేత్రమున్న ఐపీసును ఎంచుకోండి. నక్షత్ర గుచ్ఛం అందం దాని చుట్టూ ఉన్న చీకటి వల్లనే తెలుస్తుంది. అంచుల దాకా నిండిపోతే అది గుచ్ఛంలా కాక మామూలు ఆకాశంలా కనిపిస్తుంది. రెండు డిగ్రీల కృత్తికలకు మన టెలిస్కోపులోని గరిష్ఠ క్షేత్రం 2.4 డిగ్రీలు కొంచెం బిగుతే అయినా సరిపోతుంది. మూడు డిగ్రీల పొడవున్న ఆండ్రోమెడా గెలాక్సీ పట్టదు, దాని మధ్యభాగంతో తృప్తిపడాలి, లేదా బైనాక్యులర్స్ వాడాలి. సుమారు ఒక డిగ్రీ ఉన్న ఓరియన్ నెబ్యులాకు 25 మి.మీ. ఐపీసు చక్కగా సరిపోతుంది. ఎం13 గోళాకార గుచ్ఛం మూడో వంతు డిగ్రీ కనుక దానికి 10 మి.మీ. ఐపీసు. రింగ్ నెబ్యులా ఒక ఆర్క్ నిమిషం చిల్లర మాత్రమే, దానికి క్షేత్రం గురించి ఆలోచించనక్కరలేదు, 130 రెట్లకు వెళ్ళండి. ఒకదానికొకటి 35 ఆర్క్ సెకన్ల దూరంలో ఉన్న ఆల్బిరియో జంట నక్షత్రాలను 26 రెట్లే హాయిగా విడదీస్తాయి.

మోటారు లేని టెలిస్కోపు వారు మరో లెక్క కూడా వేసుకోవాలి. 200 రెట్లలో 50 డిగ్రీల ఐపీసు క్షేత్రం పావు డిగ్రీ, గ్రహం అందులో ఒక్క నిమిషమే నిలుస్తుంది. గొట్టాన్ని నెట్టి, కంపనం ఆగేదాకా వేచి ఉంటే చూడడానికి మిగిలేది సగం నిమిషం. 82 డిగ్రీల ఐపీసు అదే ఆవర్ధనంలో దాదాపు 100 సెకన్లు ఇస్తుంది. వెడల్పాటి ఐపీసుకు పెట్టే ఖర్చు ఇలాంటివారికి నిజంగా సార్థకం. కళ్ళజోడుతో చూసేవారు ఐపీసు నుంచి కంటికి ఉండవలసిన దూరాన్ని కూడా చూసుకోవాలి. అది 15 మి.మీ. కంటే తక్కువైతే వలయపు అంచులు కనపడవు, ఆవర్ధనం మారకుండానే క్షేత్రం పోతుంది. ప్లోసెల్‌లలో ఆ దూరం ఐపీసు నాభ్యంతరంలో సుమారు ముప్పాతిక వంతు ఉంటుంది కనుక 6 మి.మీ. ప్లోసెల్‌లో కనురెప్ప అద్దానికి తగులుతుంది.

ఐపీసులు కొనేముందు ఆవర్ధనాల జాబితాను ఒక కాగితం మీద రాయండి. బార్లోతో 25 మి.మీ. ఐపీసు 52 రెట్లిస్తుంది, 10 మి.మీ. ఒక్కటే 65 ఇస్తుంది, కాబట్టి మధ్యలో 12 మి.మీ. కొనడం దండగ. ఈ టెలిస్కోపుకు నేనైతే 24 మి.మీ. వెడల్పాటిది, 10 మి.మీ. ఒకటి, 2 రెట్ల బార్లో, గాలి నిలకడగా ఉన్న రాత్రుల కోసం 4 మి.మీ. ఒకటి చాలంటాను.

చివరిగా, నక్షత్ర పటం దగ్గరకు రండి. పటంలో ఒక డిగ్రీ ఎన్ని మిల్లీమీటర్లో పక్కనున్న క్రాంతి గీతలను బట్టి కొలిచి, పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద మీ ప్రతి ఐపీసుకూ నాలుగో మెట్టులో కొలిచిన క్షేత్రమంత వ్యాసంతో ఒక్కో వలయం గీయండి, పక్కన ఐపీసు అంకె రాయండి. ఆ కాగితాన్ని పటం మీద జరుపుతూ, కంటికి కనిపించే ఒక నక్షత్రం నుంచి మీరు వెతికే మసక గెలాక్సీ దాకా ఎన్ని వలయాల దూరమో, దారిలో ఏ వలయంలో ఏ చుక్కలు రావాలో ముందే చూసుకోండి. పటాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకుంటే పరావర్తన టెలిస్కోపు ఐపీసులో కనిపించే అమరికతో సరిపోతుంది. డయాగొనల్ ఉన్న టెలిస్కోపులో కుడి ఎడమలు మారతాయి కనుక అక్కడ పటాన్ని వెనక నుంచి వెలుతురులో చూడవలసి ఉంటుంది.